వాలకం చూసి రాసిన నేరం

'వాలకం' అనే మాటను మా పడమటి ఊళ్లలో మంచికి వాడరు. పెళ్లిచూపులకు వచ్చిన పిల్లవాడి వాలకం బాగుందని ఎవరూ అనరు. 'వాడి వాలకం చూడు' అన్నారంటే ఆ మనిషి మీద ఒక కన్నేసి ఉంచమని అర్థం. ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా, నడుమ దుత్తలూరు, వింజమూరు, మర్రిపాడు, అనంతసాగరం ఏ ఊరైనా సరే, బోరు మోటారు దగ్గర రాగి వైరు పోయినా, దొడ్లో మేక పోయినా మొదట పుట్టే ప్రశ్న 'ఎవరు తీశారు' అని కాదు. 'ఆ వాలకం మనుషులు ఇటు ఎవరైనా తిరిగారా' అని. ఆ ప్రశ్న అడిగిన గంటకు మా గూడెంలో ఎవరో ఒకరు బండెక్కాల్సి వస్తుంది.

ఈ వ్యాసంలో మేము వాలకాన్నే విమర్శకు తీసుకుంటున్నాం, కథనో సినిమానో తీసుకున్నట్టు. ఎందుకంటే వాలకం కూడా రచనే. దాన్ని ఎవరో రాశారు, ఎవరో అచ్చువేశారు, తరాల తరబడి జనం చదివి వంటబట్టించుకున్నారు. మేమంటే ఈ పుస్తకంలో రాస్తున్న యానాదులం, ఎరుకలవాళ్లం, సుగాలీలం. ఆ రచనలో పాత్రలం కూడా మేమే.

మొదట ఒక సంగతి తేల్చుకుందాం. అమెరికాలో నల్లవాడికీ తెల్లవాడికీ రంగు తేడా ఉంది, కాబట్టి అక్కడ ముఖం చూసి అనుమానిస్తారు అంటే వినడానికి అర్థమవుతుంది. ఇక్కడ ఆ తేడా ఎక్కడుంది? పెన్న కింద వరి కోసే కూలీల వరస ముందు నిలబడి, వీళ్లలో యానాది ఎవరో ముఖం చూసి చెప్పమంటే ఊరి పెద్దలకూ చేతకాదు. ఎండన పడ్డ ఒళ్లు ఏ కులానిదైనా ఒకే రంగుకు తిరుగుతుంది. మరి దేన్ని చూస్తారు? గుడిసె చెరువు కట్ట కింద ఉందా, ఊళ్లో ఉందా అని. భుజాన ఉన్నది వలా, ఈతబుట్టల కట్టా అని. పక్కన కుక్క ఉందా అని. మాట యాస. ఆడవాళ్ల చేతి మీద పచ్చబొట్టు. ఇవేవీ ముఖం కాదు. బతుకుతెరువు గుర్తులు. వాటిని తీసుకెళ్లి ముఖానికి అంటించి, 'చూడగానే తెలిసిపోయింది' అంటారు. తెలిసింది కులం. చూశామని చెప్పేది ముఖం.

ఈ అంటింపు ఊరివాళ్లు కనిపెట్టింది కాదు. దీనికి అచ్చు పుస్తకాలున్నాయి. 1892లో మద్రాసు పోలీసు అధికారి ఎఫ్.ఎస్. ముల్లాలీ ఈ రాజధానిలోని నేరస్థ వర్గాల మీద ఒక పుస్తకం వేశాడు. కులానికో అధ్యాయం. వాళ్లు ఎలా ఉంటారు, ఏ వేషంలో తిరుగుతారు, ఏం భాష మాట్లాడతారు, ఏ నేరం ఎలా చేస్తారు. మంచి విత్తనాల జాబితా చూసి వంగడం గుర్తుపట్టినట్టు, కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టరు మనిషిని గుర్తుపట్టాలి. తర్వాత పాపారావు నాయుడు అనే మన దేశీయ పోలీసు అధికారే రైలు దొంగల మీదా, కొరవ ఎరుకలవాళ్ల మీదా పుస్తకాలు రాశాడు. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ ఏడు సంపుటాల్లో దక్షిణ భారత కులాలను, తెగలను వర్ణించాడు. ఈయన మద్రాసు మ్యూజియం అధిపతి. కొలబద్దలు పట్టుకుని తలలు కొలిచాడు, ముక్కు పొడవూ వెడల్పూ కొలిచాడు. పోలీసు అధికారులకు ఆ కొలతల విద్య నేర్పాడు కూడా. ఆయన పుస్తకంలో కొరవల మీద ఉన్న భాగం తెరిస్తే, అందులో పెళ్లిళ్లు, దేవతల ముచ్చట్లు ఎన్నున్నాయో, పోలీసు అధికారులు అందించిన దొంగతనం కబుర్లూ అన్నున్నాయి. ఒక జాతి గురించి తెలుసుకోవడానికి పోలీసును అడిగితే పోలీసు ఏం చెబుతాడు?

ఒక్కటి గమనించాలి. అన్ని ముక్కులు కొలిచినా దొంగ ముక్కు అనేది ఒకటి దొరకలేదు. దొరికే వీలూ లేదు. పుట్టుకతోనే నేరస్థుడికి వేరే ముఖం ఉంటుందని ఇటలీలో లాంబ్రోసో 1876లో సిద్ధాంతం కట్టాడు. ఇంగ్లండులో ఛార్లెస్ గోరింగ్ సుమారు 3000 మంది ఖైదీలను కొలిచి, మామూలు మనుషులతో పోల్చి, అలాంటి శరీర లక్షణమేదీ లేదని 1913లో అచ్చువేశాడు. తమ దేశపు ఖైదీకి వేరే ముఖం లేదని ఇంగ్లండు ఒప్పుకుంటున్న ఆ రోజుల్లోనే, మద్రాసు రాజధానిలో మా తాతల పేర్లు రిజిస్టర్లకు ఎక్కుతున్నాయి.

ఆ రిజిస్టరుకు ముఖంతో పనిలేదు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911లో తిరగరాసినప్పుడు మద్రాసుకూ వర్తించింది. ప్రభుత్వం ఒక తెగను నేరస్థ తెగ అని ప్రకటిస్తే చాలు. ఆ ప్రకటన చెల్లదని ఏ కోర్టులోనూ వాదించే వీలు లేదు. వేలిముద్ర వేయాలి, చెప్పిన చోట ఉండాలి, పిలిచినప్పుడు హాజరు చెప్పాలి. కావలి, బిట్రగుంట వైపు కప్పరాళ్లతిప్పలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీల చేతికింద ఎరుకలవాళ్ల సెటిల్‌మెంటు నడిచింది. ఇటు చీరాల దగ్గర సాల్వేషన్ ఆర్మీ చేతికింద స్టువర్టుపురం. ఒక దొర పేరు ఊరికి పెట్టారు, ఆ ఊరి పేరు దొంగకు పెట్టారు.

అంతకుముందు ఆ మనుషులు ఏం చేసేవాళ్లు? ఉప్పు మోసేవాళ్లు. గాడిదల మీదా ఎద్దుల మీదా తీరం నుంచి ఉప్పు లోపలి సీమకు తోలి, అక్కడి ధాన్యం ఇటు తెచ్చేవాళ్లు. రైలు వచ్చి, ఉప్పు మీద సర్కారు పెత్తనం పెరిగి ఆ వ్యాపారం పోయింది. మీనా రాధాకృష్ణ 2001లో వచ్చిన తన పుస్తకంలో ఈ కథంతా పాత కాగితాల నుంచి తవ్వి తీశారు. వ్యాపారం పోయిన మనిషి తిరుగుతూ కనిపిస్తే 'దేశదిమ్మరి' అయ్యాడు. తిరగడం నిన్నటి దాకా వృత్తి, నేడు వాలకం.

మా పేరులోనే ఒక వింత ఉంది. ఎరుక అంటే తెలియడం, గుర్తుపట్టడం. ఎరుకలసాని గడప ముందు కూర్చుని, ఇంటి ఇల్లాలి ముఖం చూసి, చెయ్యి చూసి ఉన్నదీ రాబోయేదీ చెప్పేది. ముఖం చదవడం మా ఆడవాళ్ల విద్య. ఆ విద్యకు చేటెడు గింజలు కూలి. ఆ చూపుకు ఒక మర్యాద ఉంది: ఎదుటి మనిషి చెయ్యి చాపితేనే చదువుతుంది. పోలీసు చదివే ముఖానికి ఆ షరతు లేదు.

భాషలోకి ఈ రాత ఎంత దూరం దిగిందో చూడండి. 'వాడొక కేడీ' అని మనం తిట్టుకుంటాం. సినిమాకు పేరు పెట్టుకుంటాం. చిన్నపిల్లవాడు అల్లరి చేస్తే ముద్దుగానూ అంటాం. అది తెలుగు మాట కాదు. పోలీసు కాగితాల్లో 'నోన్ డెప్రిడేటర్' అనే రెండు ఇంగ్లీషు ముక్కల పొడి అక్షరాలు, కే, డి. దోపిడీగాడని స్టేషనుకు తెలిసినవాడు అని దాని అర్థం. రికార్డులో ఒక కాలమ్ మన నోట్లో తిట్టయి కూర్చుంది.

ఇక మన సామెత. 'గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు.' తెలివైన సామెత అని అందరూ మెచ్చుకుంటారు. తప్పు చేసినవాడే ఉలిక్కిపడతాడట. ఈ సామెత కట్టినవాడిని ఎన్నడూ అనుమానం మీద స్టేషనుకు తీసుకెళ్లి ఉండరు. చేయని దొంగతనానికి మూడుసార్లు లోపల కూర్చున్న మనిషి నాలుగోసారి గుమ్మడికాయ మాట వినగానే భుజం తడుముకోడా? గుమ్మడికాయ మోసిన భుజం కాదది, లాఠీ దెబ్బ తిన్న భుజం. జీపు కనబడగానే మా పిల్లలు పొలానికి అడ్డంపడి పరుగెత్తుతారు. పరుగెత్తాడు కాబట్టి దొంగ అంటారు. ఆ పరుగు ఎవరు నేర్పిన పరుగు? ముఖం తర్వాత నడకను చదివే ఈ విద్యకు చట్టంలో కూడా చోటుంది. నేరం చేయాలనే ఉద్దేశంతో తన ఉనికిని దాచుకుంటున్నాడనిపించే మనిషి నుంచి మంచి నడవడికకు పూచీకత్తు అడగవచ్చని పాత నేర విచారణ స్మృతిలో 109 సెక్షను చెప్పేది. ఇప్పుడు కొత్త సంహితలో అది 128. చీకటి పడ్డాక కాలువ గట్టున చేపలకు మాటు వేసిన యానాది ఏం దాచుకుంటున్నట్టు?

సినిమాల దగ్గరికి వద్దాం. 1991లో 'స్టువర్టుపురం పోలీస్ స్టేషన్', 'స్టువర్టుపురం దొంగలు' రెండూ వచ్చాయి. ఊరి పేరే చాలు, మిగతా కథ ప్రేక్షకుడు తెచ్చుకుంటాడు అని వాటిని తీసినవాళ్ల ధీమా. 2023 అక్టోబరులో 'టైగర్ నాగేశ్వరరావు' వచ్చేసరికి కాలం కొంచెం మారింది. టీజర్‌లో ఊరిని నేర రాజధానిగా చూపారని ఎరుకల సమాజం నుంచి అభ్యంతరం లేచి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాకా వెళ్లింది. ఇది మంచి పనే. అయితే మా అభ్యంతరం వేరే చోట ఉంది. ఈ సినిమాలు దొంగను వీరుడిగా చూపినా, దుర్మార్గుడిగా చూపినా ఒకే పని చేస్తాయి. స్టువర్టుపురంలో బడి పంతులు ఉన్నాడని, రైల్వే గ్యాంగ్‌మన్ ఉన్నాడని, పొగాకు కంపెనీలో ఒళ్లు అరగదీసుకున్న ముసలమ్మ ఉందని తెలుసుకోవలసిన అవసరం ప్రేక్షకుడికి రానివ్వవు.

'జై భీమ్' సంగతి కష్టమైనది, ఎందుకంటే అది మాకూ నచ్చిన సినిమా. 2021 నవంబరులో వచ్చింది. మొదటి దృశ్యం ఈ వ్యాసానికి కావలసిందంతా చెబుతుంది. జైలు నుంచి విడుదలై బయటికొచ్చిన వాళ్లను గేటు దగ్గర నిలబెట్టి ఒక్కొక్కణ్ణి కులం అడుగుతారు. కొందరిని ఇంటికి పొమ్మంటారు. మిగిలినవాళ్లను తేలని కేసులకు ముద్దాయిలుగా అక్కడికక్కడే పంచుకుంటారు. ఎవరి ముఖమూ ఎవరూ పరీక్షగా చూడరు. అడుగుతారు, అంతే. తెలుగులోనూ తమిళంలోనూ వాలకం గురించి ఇంత నిజంగా తీసిన దృశ్యం మేము ఇంకొకటి చూడలేదు.

అయినా ఆ సినిమా అక్కడే నిలబడలేకపోయింది. 1993లో కడలూరు జిల్లాలో పోలీసుల చేతిలో చనిపోయిన అసలు మనిషి కురవ సమాజంవాడు. మా ఎరుకలవాళ్లకు అన్నదమ్ముల వరస. సినిమాలో ఆయన ఇరులర్ అయ్యాడు, ఎలుకలు పట్టేవాడు, పాములు పట్టేవాడు అయ్యాడు. ఎందుకు మార్చారో మేము ఊహించగలం. కురవ అనగానే చూసేవాళ్లలో సగం మందికి 'ఏమో, తీసే ఉంటాడేమో' అనిపిస్తుంది. అనుమానానికి చోటులేని అమాయకుడు కావాలి. అంటే దొంగ వాలకాన్ని ఖండించడానికి అమాయకుడి వాలకం తెచ్చారు. నేరం రుజువు కానివాణ్ణి వదిలేయాలంటే అతను పసిపిల్లవాడి ముఖంతో ఉండాలా? మాలో గడుసువాళ్లున్నారు, తాగేవాళ్లున్నారు, ఎప్పుడో ఒక కేసులో నిజంగా శిక్షపడ్డవాళ్లూ ఉన్నారు. వాళ్లను కూడా సాక్ష్యం లేకుండా కొట్టకూడదు. ఆ మాట చెప్పే సినిమా ఇంకా రావాలి.

అదే ఏడాది డిసెంబరులో 'పుష్ప' వచ్చింది. ముఖానికి నలుపు పూసుకుని, భుజం ఎత్తి నడిచే ఎర్రచందనం కూలీ. ఆ పాత్రకు జాతీయ ఉత్తమ నటుడి అవార్డు కూడా వచ్చింది. ఉదయగిరి వైపు వెలిగొండల్లో ఎర్రచందనం ఉంది కాబట్టి ఈ సినిమాను మేము కొంచెం దగ్గరగా చూశాం. థియేటరులో ఈల కొట్టిన ఆ నలుపు, ఆ మాసిన చొక్కా, కొండ రోడ్డు మీది బస్సులో కూర్చుంటే ఏమవుతుంది? 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో 20 మంది చనిపోయారు. తమిళనాడు కొండల నుంచి కూలికి వచ్చినవాళ్లు, చాలామంది గిరిజనులు. రాళ్లతో, గొడ్డళ్లతో తమ మీదికి వస్తే ప్రాణరక్షణ కోసం కాల్చామని పోలీసులు చెప్పారు. వాళ్లలో కొందరిని ముందురోజే బస్సులోంచి దింపి తీసుకెళ్లారని, తాము తప్పించుకున్నామని చెప్పినవాళ్లు జాతీయ మానవ హక్కుల కమిషన్ ముందుకు వచ్చారు. బస్సులో కూర్చున్న మనిషి చేతిలో గొడ్డలి ఉండదు, దుంగ ఉండదు. ఉండేది వాలకమూ, తమిళమూ.

అమెరికా మాట ఎత్తాం కాబట్టి అక్కడి సంగతి ఒకటి చెప్పాలి. జెన్నిఫర్ ఎబర్‌హార్ట్, ఆమె తోటి పరిశోధకులు 2006లో ఒక లెక్క అచ్చువేశారు. ఫిలడెల్ఫియాలో 1979 నుంచి 1999 దాకా మరణశిక్ష పడే వీలున్న కేసుల్లోని నల్ల ముద్దాయిల ఫొటోలను, కేసు సంగతి తెలియని వాళ్లకు చూపి, ఎవరి ముఖం ఎంత 'నల్లవాడి ముఖం'లా ఉందో అంకెలు వేయించారు. చనిపోయినవాడు తెల్లవాడైన 44 కేసుల్లో, ఆ అంకె ఎక్కువ వచ్చిన ముఖాలకు 57.5 శాతం మందికి మరణశిక్ష పడింది. తక్కువ వచ్చినవాళ్లకు 24.4 శాతమే. చనిపోయినవాడు కూడా నల్లవాడైతే ఈ తేడా కనిపించలేదు. మాకు ఈ చివరి ముక్క బాగా అర్థమైంది. మా గూడెంలో మేకపిల్ల పోతే ఎవరూ ఎవరి వాలకమూ చూడరు. ఫిర్యాదు రాసుకునేవాడే ఉండడు. ఎవరి సొమ్ము పోయిందన్న దాన్ని బట్టి మా ముఖానికి లక్షణాలు మొలుస్తాయి.

2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రంలో ఒక తెలుగు ఇంజనీరును, ఇరాన్‌వాడనుకుని, మా దేశం నుంచి పొమ్మని అరుస్తూ ఒక తెల్లవాడు కాల్చి చంపాడు. రంగు చూసి మనిషిని లెక్కగట్టడం ఎంత ఘోరమో అప్పుడు మన పత్రికలు బాగా రాశాయి. చదివి మేమూ బాధపడ్డాం. మరుసటి ఏడు, 2018 మే నెలలో, 'పార్థీ గ్యాంగ్' దిగిందని, పిల్లల్ని ఎత్తుకుపోతున్నారని రెండు తెలుగు రాష్ట్రాల్లో వాట్సప్‌లు తిరిగాయి. పార్ధీ అనేది పైరాష్ట్రాల్లో వేటాడి బతికిన ఒక తెగ పేరు, వాళ్లదీ మాలాగే నేరస్థ జాతుల జాబితాకు ఎక్కిన చరిత్ర. ఊళ్లు కర్రలు పట్టుకుని రాత్రుళ్లు కాపలా కాశాయి. బిచ్చగాళ్లను, మతి సరిగా లేనివాళ్లను, దారి తప్పినవాళ్లను కొట్టారు. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను కొట్టి చంపారు. అలాంటి గ్యాంగు ఏదీ రాలేదని చివరికి పోలీసులే ఊరూరా చెప్పుకోవాల్సి వచ్చింది. ఏ కొత్త ముఖం కనబడినా దానికి ఒక తెగ పేరు సిద్ధంగా ఉండడం వల్లే ఆ కర్రలు అంత తొందరగా లేచాయి.

కొందరు మిత్రులు అంటారు, ఇప్పుడు యంత్రాలు వచ్చాయి, కెమెరా ముఖం గుర్తుపడుతుంది, దానికి కులం తెలియదు అని. యంత్రానికి ఏ ఫొటోలు చూపి నేర్పారన్నదే ప్రశ్న. జాయ్ బువొలామ్‌విని, టిమ్‌నిట్ గెబ్రూ 2018లో మూడు పెద్ద కంపెనీల యంత్రాలను పరీక్షించారు. ఫొటోలో ఉన్నది ఆడమనిషా మగమనిషా అని చెప్పడంలోనే, తెల్ల మగవాళ్ల విషయంలో వెయ్యికి ఎనిమిది తప్పులు చేసిన యంత్రం నల్లని ఆడవాళ్ల విషయంలో వందకు ముప్పై నాలుగు పైగా తప్పింది. ఇక్కడ 2022లో వచ్చిన నేర విచారణ గుర్తింపు చట్టం కంటిపాప దాకా కొలతలు తీసుకోనిస్తుంది. థర్‌స్టన్ కొలబద్ద ముక్కు దగ్గరే ఆగింది.

కాగితం మీద మార్పు రాలేదని మేము అనం. మద్రాసులో 1947లోనూ, దేశమంతా 1952 ఆగస్టు 31నా పాత చట్టం పోయింది. దాని చోట అలవాటుపడ్డ నేరస్థుల చట్టాలు వచ్చాయి, మనకు 1962లో. 2024 మే 7న సుప్రీంకోర్టు హిస్టరీషీట్ల గురించి మాట్లాడుతూ, వెనుకబడిన కులాల, దళిత, గిరిజన యువకుల పేర్లు పుట్టుక ఆధారంగా యాంత్రికంగా ఎక్కుతున్నాయన్న సంగతిని పట్టించుకుంది, రాష్ట్రాలన్నీ చూసుకోవాలంది. అదే ఏడాది అక్టోబరు 3న, జర్నలిస్టు సుకన్యా శాంత వేసిన కేసులో, జైళ్ల నిబంధనల్లో కులాన్ని బట్టి చేసే తేడాలను కొట్టేసింది. ఆంధ్రప్రదేశ్ జైలు నిబంధనల్లో దేశదిమ్మరి తెగ, నేరస్థ తెగ అనే మాటలు అప్పటికింకా బతికే ఉన్నాయి. చట్టం చచ్చిన 72 ఏళ్లకు మాట దొరికింది. ఖైదీల రిజిస్టరులో కులం కాలమ్ తీసేయాలని కూడా ఆ తీర్పు చెప్పింది.

ఇప్పుడు ఉదయగిరి, ఆత్మకూరు విలేకరి మిత్రులకు ఒక మాట. మీరు మాకు తెలిసినవాళ్లే, టీ తాగేచోట కలుస్తూనే ఉంటాం. దొంగతనం కేసులో పట్టుబడ్డవాళ్లను ముసుగువేసి వరసగా నిలబెట్టిన ఫొటో మీకు వస్తుంది, కింద ప్రెస్‌నోటు వస్తుంది. నిందితుడు బుట్టలల్లే కులంవాడైతే ఆ కులం పేరు వార్తలో మొదటి వాక్యంలోకి ఎక్కుతుంది. భూమి రికార్డు దిద్దిన కేసులో, చిట్టీల మోసం కేసులో పట్టుబడ్డ పెద్దమనిషి కులం మాత్రం వార్త చివరి దాకా చదివినా దొరకదు. ముసుగు వేసేది ముఖం దాచడానికి. ముఖం దాచి కులం చెప్పిన తర్వాత దాగింది ఏమిటి? ఆ కేసు రెండేళ్లకో మూడేళ్లకో సాక్ష్యం లేక కొట్టేస్తారు. ఆ రోజు ఆ మనిషి కోర్టు మెట్లు దిగి, బస్సు ఛార్జీకి చిల్లర లెక్కపెట్టుకుంటూ ఉంటాడు. ఫొటో తీయడానికి ఎవరూ రారు. ముసుగు లేని ఫొటో అతనిది ఒకటి వేయవచ్చు, జిల్లా పేజీలో ఆ పాటి చోటు ఉంటుంది.